అల్ ఐన్‌లో లాటిన్ ఉత్తరాలు

నాకు లాటిన్ వచ్చన్న సంగతి దుబాయ్‌లో ఒకే ఒక్క మనిషికి తెలుసు. మా చర్చిలో తెలుగు పూజకి హార్మోనియం వాయించే పెద్దమనిషి ఆయన. ఒక క్రిస్మస్‌కి పాత లాటిన్ పాట ఒకటి నేర్పుతూ ఆయన ఒక మాట తప్పు పలికితే నేను సరిదిద్దాను. మిగతా అందరికీ నేను డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో డ్రాయింగులకు నంబర్లు వేయడం, పాతబడ్డవి పక్కన పెట్టడం, కొత్తవి సైటుకు పంపడం నా ఉద్యోగం. ఇంటర్నేషనల్ సిటీలో ఇంకో ఇద్దరితో కలిసి ఫ్లాట్‌లో ఉండేవాణ్ణి.

2021 చివర్లో ఒక శుక్రవారం పూజ అయ్యాక ఆ పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచారు.

"బాబూ, అల్ ఐన్‌లో ఎవరో అరబ్బు పెద్దాయనకి లాటిన్ చదివి చెప్పే మనిషి కావాలంట. అక్కడి చర్చిలో అడిగాట్ట. వాళ్ళు మనదాకా కబురు పెట్టారు. వెళ్తావా?"

"అరబ్బాయనకి లాటిన్ ఎందుకండీ?"

"అదేగా నాకూ అర్థం కానిది. నువ్వెళ్ళి కనుక్కుని నాక్కూడా చెప్పు."

నేను వెంటనే ఒప్పుకోలేదు. లాటిన్ ముట్టుకుని చాలా ఏళ్ళయింది. గుంటూరు వైపు సెమినరీలో చిన్నప్పటి నుంచి చదువుకున్నాను. మేము చేరేనాటికే అక్కడ లాటిన్ అవసరం తీరిపోయింది, పూజలన్నీ తెలుగులోనే జరిగేవి. అయినా ఒక పెద్ద ఫాదర్‌గారు మాలో ఇష్టమున్నవాళ్ళను సాయంత్రం ఆటలయ్యాక కూర్చోబెట్టి నేర్పేవారు. ఎక్కాల్లాగా విభక్తులు వల్లె వేయించేవారు. క్రమంగా ఒక్కొక్కరే మానేసి చివరికి నేను మిగిలాను. నా ఒక్కడి కోసం ఆయన ఆ తరగతిని మానకుండా నడిపారు. తర్వాత, ఫాదర్‌ని చేసే గురుపట్టం ఇంకా కొంత దూరంలో ఉండగా, నేను సెమినరీ నుంచి బయటికి వచ్చేశాను. గొడవేమీ జరగలేదు. ఆ జీవితం నాది కాదని తెలిసింది, అంతే. సెలవు తీసుకుందామని వెళ్తే ఫాదర్‌గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "సరే, వెళ్ళిరా," అన్నారు. తర్వాత ఆయనా ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. లాటిన్ కూడా అక్కడితోనే ఆగింది.

రెండు వారాలు ఆలోచించి, ఒక శనివారం పొద్దున్నే అల్ ఐన్ బస్సెక్కాను.

బస్టాండులో నాకోసం ఒక డ్రైవరు నిలబడి ఉన్నాడు. యాభై దాటినవాడు, జగిత్యాల దగ్గరి పల్లె. నా ముఖం చూసి తెలుగులోనే పలకరించాడు.

"నువ్వేనా తమ్మీ, సదివి చెప్పెటోనివి? బాబా పొద్దుగాల నుంచి నాలుగుసార్లు ఫోన్ జేసిండు, బస్సొచ్చిందా, బస్సొచ్చిందా అని."

"ఆయనకి ఇదంతా దేనికన్నా?"

"దోస్తు పోయిండు గదా. ఆ పంచాయితే ఇది. నువ్వు కూసో, ఆయన్నే చెప్పనియ్యి."

ఇల్లు ఖర్జూర తోటల అంచున ఉంది. అతిథులను కూర్చోబెట్టే మజ్లిస్‌లో పెద్దాయన గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. డెబ్బై అయిదు దాకా ఉంటాయి. చిన్నతనంలో దుబాయ్‌లో మేనమామ కొట్లో పెరిగాడట. బొంబాయి నుంచి వచ్చే వర్తకులతో మాట్లాడీ మాట్లాడీ హిందీ బాగా పట్టుబడింది. మా మాటలన్నీ ఆ హిందీలోనే నడిచాయి. నాకంటే ఆయన హిందీయే నయం.

వాళ్ళ కాఫీ, గహ్వా, తాగాక ఆయన విషయం చెప్పాడు. ఒక యూరప్ ప్రొఫెసరు ఆ ఊళ్ళో చాలా ఏళ్ళు చరిత్ర చెప్పాడు. ఉద్యోగం అయిపోయాక తిరిగి వెళ్ళడం ఇష్టం లేకపోతే పెద్దాయనే పూచీపడే కఫీల్‌గా నిలబడి వీసా వేయించాడు. పెళ్ళీ పిల్లలూ లేని మనిషి. ఉన్నవల్లా పుస్తకాలు. ప్రతి శుక్రవారం సాయంత్రం ఇదే మజ్లిస్‌లో కూర్చుని, ఆ పుస్తకాల్లోంచి పాత ఉత్తరాలు చదివి అరబ్బీలో చెప్పేవాడు. ఎప్పుడో ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ కిందట మఠాధిపతులూ బిషప్పులూ రాసుకున్నవి. 2020లో ఎక్కడివాళ్ళక్కడ ఇళ్ళలో ఉండిపోవాల్సి వచ్చినప్పుడు ఇద్దరూ ఫోన్‌లో కానిచ్చారు. ఒక శుక్రవారం ఒక ఉత్తరం చదివి, "తర్వాత ఏమైందో వచ్చేవారం," అన్నాడట ప్రొఫెసరు. ఆ వారంలోనే జ్వరం వచ్చింది. ఆసుపత్రికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. పుస్తకాలు పెద్దాయనకు రాసిపెట్టి పోయాడు. ఖననానికి నలుగురైదుగురిని మించి రానివ్వలేదు. పెద్దాయన వయసు చూసి కొడుకులు ఇల్లు కదలనివ్వలేదు.

"పుస్తకం నా దగ్గరే ఉంది," అన్నాడు పెద్దాయన. "రోజూ తెరిచి చూస్తాను. ఒక్క అక్షరం తెలియదు. ఇద్దరు స్నేహితులు, ఉస్తాద్. ఒకడు ఇంకొకడి మీద కోపంతో రాశాడు. తర్వాత కలిశారా లేదా? నాకు అదొక్కటి చెప్పు చాలు."

డ్రైవరు పుస్తకం తెచ్చి దిండు మీద పెట్టాడు. బరువైన పుస్తకం, తోలు అట్ట, వెన్ను దగ్గర కాస్త చిట్లింది. నాలుగైదు వందల ఏళ్ళ కిందట అచ్చయింది. కాగితం మాత్రం నిన్నటి నోటుపుస్తకంలా గట్టిగా ఉంది, అక్కడక్కడా పురుగు తొలిచిన సన్నటి బెజ్జాలు తప్ప. ప్రొఫెసరు ఆపిన చోట ఎండిన ఖర్జూరపాకు ముక్క పెట్టి ఉంది.

తెరవగానే నా ధైర్యం సగం పోయింది. 'స' అక్షరం 'ఫ'లా ఉంటుంది. సగం మాటల్ని కుదించి నెత్తిన గీతలు పెట్టారు. సెమినరీలో నేను చదివింది శుభ్రమైన కొత్త అచ్చు. పెద్దాయన ముఖం చూసి ఎలాగో వేలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. లాటిన్ ముందు తెలుగవుతుంది, తర్వాత హిందీ అవుతుంది, మధ్యలో కొంత జారిపోతుంది. ప్రొఫెసరు ఆగిన ఉత్తరమే మొదట చెప్పాను. పన్నెండో శతాబ్దపు మఠాధిపతి ఒకాయన ఇంకో మఠాధిపతికి రాసింది. మా మఠం నుంచి చెప్పకుండా వచ్చేసిన సన్యాసి ఒకణ్ణి నీ దగ్గర పెట్టుకున్నావు, నా గొర్రెను నీ దొడ్లో కట్టేసుకుని అదే నడిచి వచ్చిందంటున్నావు, అని దాని సారాంశం.

"ఇదే, ఇదే," అన్నాడు పెద్దాయన. "దీని తర్వాతది చదువు."

తర్వాతి ఉత్తరం కూడా ఆ మిత్రుడికే. అందులో ఈయన హాయిగా నవ్వుతున్నాడు. నీ దగ్గరున్న ఫలానా పుస్తకం పంపు, నకలు రాయించుకుని తిరిగి ఇస్తాను, పోయినసారిలా వర్షంలో తడిపి పంపకు, అంటున్నాడు.

పెద్దాయన నొసలు ముడిచాడు. "అక్కడ తిట్టి ఇక్కడ పుస్తకం అడుగుతున్నాడా? ఎప్పుడు కలిశారు? ఎలా కలిశారు?"

నాకూ తెలియలేదు. గడ్డి తడి ఆరలేదనీ, కొత్త వంటశాల కప్పు ఇంకా వేయలేదనీ అందులో ఉంది. మొదటి ఉత్తరంలోనేమో ఆ కొత్త వంటశాలే పాతబడి కారుతోందని ఉంది. చాలాసేపు చూశాక వెలిగింది. హాయిగా రాసిన ఉత్తరమే ముందుది. తిట్టిన ఉత్తరం చాలా ఏళ్ళ తర్వాతది.

ఆ రోజు అక్కడితో ఆపి పుస్తకం ముందుమాట చదివాను. అచ్చు వేయించినాయన ఒక సన్యాసి. ఒక మఠంలో దొరికిన పాత రాతప్రతి చూసి వేశానని చెప్పుకున్నాడు. నకలు రాసినవాళ్ళు ఉత్తరాల తలా తోకా కత్తిరించేశారట, తేదీలు లేవు, పేర్లు చాలాచోట్ల ఒక్క అక్షరమే మిగిలింది. ఆ మిత్రుడు కూడా ఒట్టి 'గ'. అందుకని అచ్చు వేయించినాయన ఉత్తరాలను కాలాన్నిబట్టి కాక హోదాను బట్టి పేర్చాడు. ముందు పోపులకు రాసినవి, తర్వాత రాజులకు, తర్వాత బిషప్పులకు, తర్వాత మఠాధిపతులకు, ఆ తర్వాత మామూలు సన్యాసులకు, అట్టడుగున ఎవరికి రాశాడో తెలియనివి.

ఈ మాట చెబితే పెద్దాయన గట్టిగా నవ్వాడు. "పెళ్ళి విందులో కూర్చోబెట్టినట్టు పెట్టాడన్నమాట. ఇప్పుడు మన మనిషి ఏ వరసలో కూర్చున్నాడో వెతకాలి."

అలా వెతకడం మా శనివారాల పని అయింది. కొత్త సంవత్సరంలో దేశమంతా వారపు సెలవు శుక్రవారం నుంచి ఆదివారానికి మారినా నా శనివారం నాకే మిగిలింది. పేజీలు ఫోన్‌లో ఫొటోలు తీసుకుని వెళ్ళి వారమంతా ఫ్లాట్‌లో కుస్తీ పట్టేవాణ్ణి. గదిలోని మిత్రులు నేను కొత్త కోర్సు ఏదో చేస్తున్నాననుకున్నారు. కానీ ఆ కుదించిన మాటల దగ్గర ఎప్పుడూ బండి ఆగేది. ఇంటర్నెట్‌లో వెతికితే ఒకదానికి నాలుగు అర్థాలు దొరికేవి. అడగగలిగిన మనిషి భూమ్మీద ఒక్కరే ఉన్నారు.

ఆయన నంబరు సంపాదించాను. రిటైరైన ఫాదర్ల ఇంట్లో ఉంటున్నారు. ఫోను మోగుతుంటే ఎత్తకపోతే బాగుండునని కూడా అనిపించింది.

"ఎవరూ?"

పేరు చెప్పాను.

"ఎక్కడున్నావురా ఇన్నాళ్ళూ?"

"దుబాయ్‌లో ఫాదర్‌గారూ."

"దుబాయ్ నుంచి చేసింది కుశలం అడగటానికేనా, ఇంకేవన్నా పనుందా?"

ఉన్న విషయం చెప్పేశాను. "క్యూ అక్షరం ఫాదర్‌గారూ. దాని తోకకి అడ్డంగా గీతుంది. అదేంటో తెలీటల్లేదు."

ఆ మాట వినగానే ఆయన గొంతు మారింది.

"ఏ పుస్తకంరా అది?"

చెప్పాను. ఎలా అచ్చయింది, ఎవరిది, ఎవరికోసం చదువుతున్నాను, అన్నీ. ఆయన అడ్డు రాకుండా విన్నారు. అంతా అయ్యాక, "తోకకి అడ్డగీతుంటే 'క్వి' అనుకుని చదువు. నెత్తిన గీతుంటే తర్వాత 'మ' గానీ 'న' గానీ మింగేశాడని అర్థం. ఇది నీకు తొమ్మిదో తరగతిలో చెప్పాను. ఫుట్‌బాల్ మీద ధ్యాసతో విన్లేదు," అన్నారు. "ఆ ఫొటోలు నాక్కూడా పంపు. ఇక్కడ కుర్ర ఫాదరున్నాడు, పెద్దవి చేసి చూపిస్తాడు."

సెమినరీ వదిలిన సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఫోను పెట్టేశాక కాసేపు బాల్కనీలో నిలబడ్డాను. కింద బస్సు కోసం జనం వరసకట్టి ఉన్నారు. లోపలికి వచ్చి ఆ రోజు మూడు పేజీలు చదివాను. అంతకుముందు వారమంతా కలిపి చదివింది అంత లేదు.

అప్పటి నుంచి మేము ముగ్గురమయ్యాం. నేను ఫొటోలు పంపితే ఫాదర్‌గారు వాయిస్ మెసేజ్‌లో తప్పులు చెప్పేవారు. పెద్దాయన వాటిని వింటానని పట్టుబట్టేవాడు. తెలుగు ఒక్క ముక్క తెలియకపోయినా చెవి దగ్గర పెట్టుకుని విని, "ఈయన నిన్ను తిడుతున్నాడు, అవునా?" అనేవాడు. చాలాసార్లు అది నిజమే.

ఎండలు ముదురుతుండగా బిషప్పుల వరసలో ఒక ఉత్తరం దొరికింది. అది కూడా 'గ'కే. మా మఠాధిపతి దాంట్లో మంచుముద్దలా బిగుసుకుపోయి ఉన్నాడు. మీరు గొప్పవారు, మీ తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి, నా చిన్న ఉత్తరాలతో మీకు ఇక శ్రమ ఇవ్వను, అని రాశాడు. ఇది మన మిత్రుడికా, లేక అదే అక్షరంతో మొదలయ్యే బిషప్పు ఎవరికైనానా?

ఫాదర్‌గారు తేల్చేశారు. "బిషప్పుకేరా. చూడు, మిత్రుణ్ణి ఎప్పుడూ 'తూ' అంటాడు. నువ్వు. ఇక్కడ మొదటి నుంచి చివరిదాకా 'వోస్' అన్నాడు. మీరు. పెద్ద హోదా ఉన్నవాడికే అలా రాస్తారు."

నేను పెద్దాయనకు అలాగే చెప్పాను. హిందీలో తుమ్, ఆప్ అని విడమరిచాను. ఆయన ఒప్పుకోలేదు.

"నీకు పెళ్ళయిందా ఉస్తాద్?"

"ఇంకా లేదు."

"అందుకే తెలియదు. నా భార్య బతికున్నన్నాళ్ళూ నన్ను నువ్వు అనే అనేది. ఆవిడ ఎప్పుడైనా 'మీరు' అందంటే ఇంట్లో మనుషులంతా తోటలోకి వెళ్ళిపోయేవాళ్ళు."

ద్వారం దగ్గర కూర్చున్న డ్రైవరు తలకాయ ఊపాడు. "మా ఇంటిది గూడ గంతే బాబా. 'మీరు తిన్నరా' అన్నదంటే ఆ దినం ఫోన్ కట్."

ఉత్తరం మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఒక వాక్యాన్ని నేను సరిగా విడదీయలేదు. రెండు మాటలు కలిపి అచ్చువేశారు. విడదీసి చూస్తే, ఒకే గిన్నెలో రొట్టె ముంచుకు తిన్నవాళ్ళం, ఒకే దుప్పటి కింద చలికి వణికినవాళ్ళం, అని ఉంది. బిషప్పుతో ఎవరూ అలా రాయరు. కుర్రతనంలో ఒకే మఠంలో ఉన్నవాడికే రాస్తారు.

ఫాదర్‌గారికి చెబితే ఆయన చాలాసేపు నవ్వారు. "అయితే నేనూ, అచ్చువేసిన ఆ మహానుభావుడూ ఒకే గోతిలో పడ్డాంరా. 'మీరు' చూసి బిషప్పుల పక్కన కూర్చోబెట్టేశాడు. ఆ పెద్దాయనకి నా తరఫున దండం పెట్టు."

పెట్టాను. పెద్దాయన ఆ రోజు ఎంతో సంతోషించాడు. కానీ కోపం ఇంకా ముదిరిందని తెలిసి, నేను వెళ్ళేటప్పటికి మళ్ళీ డీలా పడ్డాడు. "ఇక్కడితో ఆగిపోయి ఉంటే నాకు చెప్పకు," అన్నాడు. మరుక్షణమే, "లేదు, చెప్పు," అన్నాడు.

వేసవి గడిచింది. మఠాధిపతుల వరస అయిపోయింది, సన్యాసుల వరస అయిపోయింది. 'గ' ఎక్కడా లేడు. మిగిలింది అడుగున ఉన్న గుంపు, ఎవరికి రాశాడో తెలియనివి. వాటిలో చాలావరకు ధర్మోపదేశాలు. పెద్దాయన మర్యాదగా వినేవాడు గానీ కళ్ళు మూతలు పడేవి. నేనూ ఆశ వదులుకుంటున్నాను. ఒక వారం మధ్యలో, ఆఫీసులో మధ్యాహ్నం అన్నం వేళ, ఫోన్‌లో తర్వాతి పేజీ పెద్దది చేసి చూస్తుంటే చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆ ఉత్తరం చాలా పొట్టిది. పలకరింపు లేదు, నకలు రాసినవాడు కత్తిరించాడు. మొదటి మాటే 'తూ'. నేను ఎవరికీ చెప్పకుండా శనివారం దాకా ఆగాను. ఫాదర్‌గారికి కూడా పంపలేదు.

మజ్లిస్‌లో కూర్చుని పుస్తకంలోంచే చదివాను. "నువ్వు అడగలేదు, నేనే పంపుతున్నాను. ఈ ఉత్తరం తెస్తున్నవాడు ఎవరో నీకు చెప్పక్కర్లేదు. ఎవరి మూలంగా మనం అంత దూరం వెళ్ళిపోయామో అతనే. ముసలివాళ్ళం అయ్యాం, తోలు మీద రాయడానికి చేతులు వణుకుతున్నాయి. మిగిలిందంతా అతని నోట విను."

పెద్దాయన కదలకుండా విన్నాడు. మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను.

"అంటే మఠం వదిలి పారిపోయిన ఆ సన్యాసి వెనక్కి వచ్చాడు."

"వచ్చినట్టే."

"తనే వచ్చాడా, మిత్రుడు పంపాడా?"

"రాయలేదు."

"వాడు నోటితో చెప్పింది ఏమిటి?"

"అది పుస్తకంలో లేదు బాబా. అప్పట్లో అలాగే చేసేవాళ్ళట. ఉత్తరంలో కొంతే రాసి, అసలు సంగతి తెచ్చేవాడికి చెప్పి పంపేవాళ్ళు."

డ్రైవరు ఆగలేకపోయాడు. "మేం గూడ గట్లనే చేస్తుంటిమి తమ్మీ, ఫోన్లు లేనప్పుడు. చిట్టీల మంచిగున్న అని రాస్తుంటిమి. అసలు ముచ్చట ఊరికి పోయెటోనికే చెప్తుంటిమి. చిట్టీ అయితే ఇంట్ల అందరు సదువుతరు గదా." అదే మాట హిందీలో పెద్దాయనకు చెప్పాడు.

పెద్దాయన పుస్తకం మీద అరచెయ్యి ఉంచాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, ముఖం మాత్రం తేటగా ఉంది. "కలిశారు. అది చాలు. ఏం మాట్లాడుకున్నారో వాళ్ళిద్దరి సొంతం," అన్నాడు. తర్వాత డ్రైవరు వైపు తిరిగి, "బండి తియ్యి," అన్నాడు.

ముస్లిమేతరుల శ్మశానం ఊరి బయట ఉంది. పెద్దాయన అప్పటిదాకా అక్కడికి వెళ్ళలేదట. మొదట్లో వెళ్ళనివ్వలేదు, తర్వాత తనకే కాళ్ళాడలేదు. కాపలాదారు ప్రొఫెసరు సమాధిని వెతికి చూపించాడు. ఎర్రటి ఇసుకలో చిన్న రాయి, పేరు తప్ప ఇంకేమీ లేదు. పెద్దాయన కర్ర మీద ఆనుకుని నిలబడి, "చదువు ఉస్తాద్, వాడికి ఇష్టమైన భాషలోనే చదువు," అన్నాడు. ఫోన్‌లో ఫొటో తెరిచి ఆ చివరి ఉత్తరాన్ని లాటిన్‌లో పైకి చదివాను. ఎండ పడి తెర సరిగా కనపడలేదు. డ్రైవరు తన చెయ్యి అడ్డం పెట్టాడు. చదవడం అయ్యాక, ఎవరూ అడగకుండానే, చనిపోయినవారి కోసం చేసే ప్రార్థన నా నోటికి వచ్చింది. అది కూడా లాటిన్‌లోనే. సెమినరీ వదిలాక ఆ మాటలు పలకడం అదే మొదలు. మరిచిపోయాననుకున్నాను, ఒక్క మాట కూడా పోలేదు. నా పక్కన పెద్దాయన అరచేతులు తెరిచి తన ప్రార్థన తాను చేసుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో టీ తాగాం. పెద్దాయన ప్రొఫెసరు గురించి నవ్వు వచ్చే సంగతులు చెప్పాడు. ఒంటె పాలు తాగలేక గుట్టుగా మొక్కల్లో పోసేవాడట.

ఆ తర్వాతి సెలవుకి గుంటూరు వెళ్ళి ఫాదర్‌గారిని చూశాను. చాలా చిక్కిపోయారు. కాళ్ళకు దణ్ణం పెడితే నెత్తిన చెయ్యి ఉంచి, "వచ్చావా," అన్నారు. పెద్దాయన పంపిన ఖర్జూరాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని నన్ను ఒక క్రియాపదం అన్ని కాలాల్లోనూ చెప్పమన్నారు. భవిష్యత్తు దగ్గర తడబడ్డాను. "అక్కడే ఎప్పుడూ బోల్తా పడతాడు," అన్నారు కుర్ర ఫాదర్ వైపు చూసి. అన్నం తినేదాకా వెళ్ళనివ్వలేదు.

ఇప్పుడు నేను ఖోర్ ఫక్కాన్‌లో ఉంటున్నాను, పోర్టు పనులు చేసే ఒక కంపెనీలో. అల్ ఐన్ దూరమైంది. ప్రతివారం కుదరదు. నెలకోసారి డ్రైవరన్న ఫోన్ చేస్తాడు, "తమ్మీ, బాబా అడుగుతుండు," అని. ఇద్దరు స్నేహితుల కథ తేలిపోయింది కనుక ఆయన ఇక వద్దంటాడేమో అనుకున్నాను. కానీ, "మొదటి పేజీ నుంచి మొదలుపెట్టు," అన్నాడు. పోపుల వరస ఇద్దరికీ విసుగనిపించింది. రాజుల వరసలోకి వచ్చాక ఊపందుకుంది.

పోయినసారి చదివింది నీళ్ళ తగువు. మఠం పిండిమర కోసం వాగుకు అడ్డుకట్ట వేశారు. కింద ఉన్న పల్లెవాళ్ళకు నీళ్ళు అందడం లేదని రాజుకు ఫిర్యాదు వెళ్ళింది. మా మఠాధిపతి చాలా గంభీరంగా, శాస్త్రాలు ఉదహరిస్తూ, తప్పు తమది కాదని రాశాడు. పెద్దాయన నిటారుగా కూర్చున్నాడు. ఆయన తోటకు ఫలజ్ కాలువ నుంచి వంతులవారీగా నీళ్ళు వస్తాయి. ఆ వంతుల లెక్క ఆయనకు చేతిమీద గీతల్లా తెలుసు.

"ఆపు, ఆపు. అడ్డుకట్ట ఎవరు వేశారు?"

"మఠం వాళ్ళే."

"పల్లె ముందుందా, మఠం ముందుందా?"

"పల్లె పాతదని ఆయనే రాశాడు."

"అయితే ఇంకేముంది. మీవాడిదే తప్పు. ముందున్నవాడి వంతు ముందు."

"దేవుడి పనికి వాడుకుంటున్నామని అంటున్నాడు బాబా."

"నీళ్ళు కూడా దేవుడివే కదా," అన్నాడు పెద్దాయన.

డ్రైవరన్న గహ్వా పోస్తూ, "మా కాడ గూడ తూము కాడ గిదే లొల్లి. పైనున్నోడు ఎప్పుడు గిట్లనే మాట్లాడ్తడు," అన్నాడు.

రాజు ఏం తీర్పు చెప్పాడో చూడమన్నారు ఇద్దరూ. పేజీ తిప్పాను.